బి.ఇడి. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళేనా?

మొన్నామధ్య తెనాలి నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. వినకూడదనుకున్నా వినబడుతుంది కదా!

"మీ చిన్నమ్మాయి డిగ్రీ అయిపోయిందిగా వదినగారూ, ఇప్పుడేం చేస్తోంది?"

"ఏం చేస్తుందండీ, సంబంధాలు చూస్తున్నాం. అందాకా ఖాళీగా ఉండటం ఎందుకని బి.ఇడి.లో పడేశాం."

"అయితే రోజూ కాలేజీకి వెళ్ళి రావాలి కాబోలు!"

"అబ్బే, ఆ బాధేం లేదు. డబ్బు కట్టేస్తే చాలు. పరీక్షలప్పుడు వెళ్ళి రాసొస్తే సరిపోతుందట. రేపు పెళ్ళయ్యాక ఏ కాన్వెంట్లోనో చెప్పుకుంటుంది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు!"

గుంటూరు చేరేలోగా వాళ్ళ మాటలు బంగారం ధర మీదకి, అక్కణ్ణుంచి ఎవరి ఆడపడుచు మీదకో వెళ్ళిపోయాయి. నేను మాత్రం ఆ "పడేశాం" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మెడిసిన్‌లో పడేశాం అని ఎవరైనా అంటారా? ఇంజనీరింగులో "సీటొచ్చింది" అంటాం. సి.ఏ. అయితే "చదువుతోంది" అంటాం. బి.ఇడి.లో మాత్రం పడేస్తాం! ఎప్పటికైనా పనికొస్తుందిలే అని పాత చీర బీరువా అడుగున పడేసినట్టు.

ఆ మాట నాకంతగా ఎందుకు గుచ్చుకుందంటే, నేను ముప్పై మూడేళ్ళు హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి 2020లో రిటైరైనదాన్ని. అంతకంటే ముఖ్యంగా, అలా "పడేసిన" ఒక అమ్మాయిని కిందటి జూన్‌లో కళ్ళారా చూశాను.

ఆ చాక్‌పీసు చప్పుడు

మా ఊళ్ళో ఒక ప్రైవేటు హైస్కూలువాళ్ళు కొత్త టీచర్లను తీసుకునేటప్పుడు డెమో క్లాసులు చూసి చెప్పమని నన్ను పిలుస్తుంటారు. ఆ రోజు వచ్చిన అమ్మాయి ఎమ్మెస్సీ మాథ్స్, బి.ఇడి. రెండూ ఫస్టు క్లాసే. పాతికేళ్ళుంటాయేమో. ఏడో తరగతికి భిన్నాల కూడిక చెప్పమన్నాం. అర, మూడోవంతు కలపాలి. ఎల్.సి.ఎం. తీసి బోర్డు మీద చక్కగా చేసేసింది. దస్తూరీ ముత్యాల్లా ఉంది.

అప్పుడు మూడో బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. "టీచర్! పైవి పైవి, కిందవి కిందవి కలిపేస్తే ఎందుకు తప్పు? ఒకటీ ఒకటీ రెండు, రెండూ మూడూ ఐదు. రెండు బై ఐదు ఎందుకు కాకూడదు?"

"అలా చెయ్యకూడదు. ఎల్.సి.ఎం. తియ్యాలి."

"ఎందుకు తియ్యాలి టీచర్?"

"అది రూలు. కూర్చో."

వాడు కూర్చున్నాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో క్లాసంతా గుసగుసలు మొదలయ్యాయి. ఆ అమ్మాయి గబుక్కున బోర్డువైపు తిరిగి మళ్ళీ రాయబోయింది. చేతిలో చాక్‌పీసు పుటుక్కున విరిగి కింద పడింది. ఇక ఆ పిల్ల పిల్లలవైపు తిరగలేకపోయింది.

తర్వాత స్టాఫ్ రూములో మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని ఏడ్చేసింది. "పిల్లల ముందు నిలబడటం నాకిదే మొదటిసారి మేడం" అంది.

"అదేమిటమ్మా, బి.ఇడి. చేశావుగా?"

"మాది నాన్ అటెండింగ్ మేడం. రికార్డులన్నీ వాళ్ళే ఇచ్చారు. వాటికి మా నాన్నగారు వేరే డబ్బు కట్టారు. ఏదో బడిలో పాఠాలు చెప్పినట్టు సంతకాలు కూడా వాళ్ళే పెట్టించారు."

ఆ పిల్ల తెలివితక్కువది కాదు. వాళ్ళ నాన్నగారు చెడ్డవాడూ కాదు. కూతురికి శ్రమ తప్పించాననే అనుకుని ఉంటాడు పాపం. కానీ ఆయన తప్పించింది శ్రమని కాదు, చదువుని! డబ్బిచ్చి మరీ కూతురి చదువుని వదిలించుకున్నాడు. ఆ నష్టం ఎవరికి తగిలింది? డబ్బు తీసుకున్నవాళ్ళకి కాదు, సంతకం పెట్టినవాళ్ళకీ కాదు. నలభైమంది పిల్లల ముందు విరిగిన చాక్‌పీసుతో నిలబడ్డ ఆ ఆడపిల్లకి.

ఇంతకీ ఆ కోర్సులో ఏముంది?

"బి.ఇడి.లో ఏముందండీ, నాలుగు సైకాలజీ పుస్తకాలు, రెండు రికార్డులు" అని చప్పరించేస్తుంటారు చాలామంది. మన పెద్దల కాలంలో దీన్ని ఎల్.టి. అనేవారు. తర్వాత బి.టి. అయింది. అప్పట్లో శుభలేఖల్లో పేరు పక్కన "బి.ఎ., బి.టి." అని ఉంటే ఆ గౌరవమే వేరు! డిగ్రీ అయ్యాక మళ్ళీ ఇంకో చదువు చదివి, బడిలో నిలబడటానికి అర్హత సంపాదించుకున్న మనిషి అని ఆ అక్షరాలకి అర్థం.

1993లో పార్లమెంటు చేసిన చట్టంతో ఉపాధ్యాయ విద్యకు ఒక జాతీయ మండలి ఏర్పడింది. అదే ఎన్.సి.టి.ఇ. అయినా సర్టిఫికెట్ల వ్యాపారం ఆగలేదు. ఉపాధ్యాయ శిక్షణ ఎలా ఉందో చూడమని సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన 2014 నిబంధనలతో, అప్పటిదాకా ఏడాది చదువుగా ఉన్న బి.ఇడి. 2015-16 నుంచి రెండేళ్ళయింది. ఆ వర్మ కమిషన్ మాటనే చెబుతూ, దేశంలో పదివేలకు పైగా ఉన్న విడి శిక్షణ కాలేజీల్లో ఎక్కువ భాగం నిజమైన శిక్షణ జోలికే పోకుండా డిగ్రీలు అమ్ముకుంటున్నాయని 2020 జాతీయ విద్యావిధానం రాసింది. అంటే బస్సులో ఆవిడ చెప్పింది మా జిల్లా ముచ్చట మాత్రమే కాదన్నమాట.

మరి ఆ రెండేళ్ళ కోర్సుకి 2014లో రాసుకున్న నిబంధనలు ఏమిటో చూడండి. ఏడాదికి 200 పనిదినాలు. క్లాసులకి 80 శాతం హాజరు. బడికి వెళ్ళి పాఠాలు చెప్పే ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు. ఆ ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు: మొదటి ఏడు నాలుగు, రెండో ఏడు పదహారు. ఇందులో "పరీక్షలప్పుడు వెళ్ళి రాసొస్తే చాలు" అన్న మాట ఎక్కడైనా ఉందా?

ఈ కోర్సు అసలు విలువంతా ఆ 20 వారాల్లోనే ఉంది. ముందు కాలేజీలోనే మైక్రో టీచింగ్ అని చేయిస్తారు. తోటివాళ్ళు ఐదారుగురు పిల్లల్లా ఎదురుగా కూర్చుంటారు. ఐదారు నిమిషాల పాఠం. ఒక్కోసారి ఒక్క నైపుణ్యమే: ఇవాళ ప్రశ్న ఎలా అడగాలి, రేపు బోర్డు ఎలా వాడాలి, ఎల్లుండి ఉదాహరణ ఎలా ఎంచుకోవాలి. చెప్పిన వెంటనే ఎక్కడ తడబడ్డామో మొహం మీదే చెప్పేస్తారు. దాన్ని దిద్దుకుని మళ్ళీ చెప్పాలి. ఆ తర్వాత నిజం బడి, నిజం పిల్లలు. వెనక బెంచీలో మన పాఠం చూడటానికి ఒక లెక్చరరు.

వంటల పుస్తకం బట్టీపట్టినంత మాత్రాన పెళ్ళివంట చెయ్యగలమా? పక్కన చెయ్యి తిరిగినవాళ్ళు నిలబడి "అమ్మాయీ, మంట తగ్గించు" అంటూ ఉంటేనే కదా నాలుగుసార్లకి చేతికొచ్చేది! ఇదీ అంతే. తప్పులు చెయ్యడానికి మనకి దొరికే చోటు అది. అక్కడ చెయ్యని తప్పులన్నీ తర్వాత మన పిల్లల మీద చేస్తాం.

ఎర్ర సిరా

నేను 1984లో బి.ఇడి.లో చేరేటప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. మా పాపకి పదకొండో నెల. కాలేజీ వేరే ఊళ్ళో. మా అత్తగారు "ఇప్పుడెందుకే, పిల్ల కాస్త పెద్దదవనీ" అన్నారు. మా అమ్మ మాత్రం పాపని తీసుకెళ్ళిపోయింది. "ఏడాదే కదా, వెళ్ళిరా" అంది. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళడం, సోమవారం తెల్లవారుజామున పాప నిద్ర లేవకముందే బయల్దేరి రావడం. ఆ ఏడాది నేను బస్సుల్లో పెట్టుకున్న కన్నీళ్ళు నాకే తెలుసు.

టీచింగ్ ప్రాక్టీసులో నా మొదటి పాఠం బ్రహ్మాండంగా చెప్పాననుకున్నాను. లెక్క చకచకా చేశాను. ఎక్కడా ఆగలేదు. పీరియడ్ అయ్యాక మా మాస్టారు నా రికార్డు తీసుకుని ఎర్ర సిరాతో ఒక ముక్క రాసిచ్చారు. "బోర్డుకి బాగా చెప్పారు. పిల్లలకి ఎప్పుడు చెబుతారు?"

ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు. మర్నాడు అదే పాఠం ఇంకో సెక్షనుకి చెప్పించారు. ఈసారి లెక్క చెయ్యకముందు పిల్లల్ని అడిగాను. "అర దోసె తిన్నారు. ఆ తర్వాత ఇంకో దోసెలో మూడోవంతు తిన్నారు. మొత్తం తిన్నది అర దోసె కంటే ఎక్కువా, తక్కువా?" ఎక్కువే అని అందరూ అరిచారు. "మరి మీలో కొందరు రెండు బై ఐదు అని వేశారే! ఐదు ముక్కల్లో రెండంటే సగం కూడా కాదుగా? మళ్ళీ తింటే కడుపులోది తగ్గిపోయిందా?" క్లాసంతా నవ్వు. ఆ నవ్వులోంచే "అయితే ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి టీచర్!" అని ఒక పిల్ల అంది. ఎల్.సి.ఎం. అంటే అంతే కదా! నేను చెప్పలేదు, ఆ పిల్లే కనిపెట్టింది. ఆరోవంతు ముక్కలు చేస్తే అర అంటే మూడు, మూడోవంతు అంటే రెండు, వెరసి ఐదు. ఆరింట ఐదు వంతులు.

లెక్క నాకు బి.యస్సీ.లోనే వచ్చు. ఆ లెక్క రాని పిల్లవాడి బుర్రలో ఏం జరుగుతుందో మాత్రం బి.ఇడి.లోనే తెలిసింది. మూడో బెంచీ కుర్రాడు అడిగిన ప్రశ్నకి ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు ఎందుకు జవాబు చెప్పలేకపోయిందో ఇప్పుడర్థమైంది కదూ?

"ఆడపిల్లకి టీచరుద్యోగమే నయం"

ఈ మాట నా చిన్నప్పుడూ విన్నాను, ఇప్పుడూ వింటున్నాను. సాయంత్రానికల్లా ఇంటికొచ్చేస్తుంది, వేసవి సెలవులు, దసరా సెలవులు, పిల్లల చదువు కూడా చూసుకోవచ్చు, గౌరవమైన ఉద్యోగం. ఈ లెక్క వేసేవాళ్ళలో ఒక్కరూ "మా అమ్మాయికి పిల్లలకి చెప్పడమంటే ఇష్టమా?" అని అడగరు. ఉద్యోగాన్ని ఇంటిపనికి అడ్డురాదు అన్న ఒక్క కొలతతోనే కొలుస్తారు.

పోనీ ఆ లెక్కయినా నిజమా? ఇంటికొచ్చాక దిద్దాల్సిన పేపర్ల కట్టలు, మర్నాటి పాఠానికి తయారు కావడం, పదో తరగతి పిల్లలకి పొద్దున్నే ప్రత్యేక తరగతులు... గవర్నమెంటు ఉద్యోగమైతే ఎన్నికల డ్యూటీలు, సర్వేలు కూడా! అన్నం ఉడుకుతుండగా గట్టు మీద పేపర్లు పెట్టుకుని దిద్దిన రోజులు నాకెన్నో. సులువైన ఉద్యోగమని చెప్పి అమ్మాయిని ఇందులోకి పంపడం ఆమెని మోసం చెయ్యడమే.

ఇంకో సంగతి. మన పనిని మనమే చన్నీళ్ళు అనుకుంటే ఎదుటివాడు దానికి వేణ్ణీళ్ళ ధర ఎందుకిస్తాడు? చాలా ప్రైవేటు స్కూళ్ళలో టీచర్ల జీతం ఎంతుంటుందో మీకు తెలియంది కాదు. కొన్నిచోట్ల వేసవి రెండు నెలలూ జీతం ఉండదు. కొందరైతే ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే అట్టే పెట్టుకుంటారు. "మీవారికి మంచి ఉద్యోగమేగా, మీకు టైంపాస్‌కే కదా మేడం" అని నవ్వుతూ అనేస్తారు. మనమూ నవ్వేసి ఊరుకుంటాం. టీచర్లకి కూడా గ్రాట్యుటీ హక్కు ఉండాలని పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించింది. ప్రైవేటు స్కూళ్ళు కోర్టుకెక్కితే, ఆ సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. ఈ సంగతి మన కాన్వెంటు టీచర్లలో ఎంతమందికి తెలుసు? చన్నీళ్ళమని అనుకునేవాళ్ళు హక్కులు అడగరు. పని నేర్చుకుని, నా పని నాకొచ్చు అన్న ధైర్యం ఉన్నవాళ్ళే అడుగుతారు. దొంగ రికార్డుతో వచ్చిన సర్టిఫికెట్టుకి ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? అది ఎప్పుడు బయటపడుతుందోనన్న భయమే సరిపోతుంది.

"ఉద్యోగాలెక్కడున్నాయండీ?"

ఇదంతా చెబితే కొందరు అమ్మాయిలు నాతో వాదిస్తారు. "మేడం, గవర్నమెంటు ఉద్యోగం కావాలంటే కావాల్సింది డి.ఎస్‌.సి.లో మార్కులు. దానికి కోచింగ్ ముఖ్యం. బి.ఇడి. కేవలం దరఖాస్తుకి అర్హత. ఆ రెండేళ్ళూ కాలేజీకి తిరిగే బదులు కోచింగ్‌లో కూర్చుంటే లాభం కదా?"

వాళ్ళ బాధ నాకర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డి.ఎస్‌.సి. తర్వాత మళ్ళీ డి.ఎస్‌.సి. పరీక్ష జరిగింది 2025లో. పోస్టులు 16,347. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్ళీ 2024లో, 11,062 పోస్టులకి. ఒక్కో నోటిఫికేషన్ కోసం ఆరేడేళ్ళు ఎదురుచూసే అమ్మాయికి పరీక్ష తప్ప ఇంకేమీ కనిపించకపోవడంలో వింత లేదు. ఆ పోస్టుల్లో కూడా అన్నిటికీ బి.ఇడి. పనికిరాదు. ప్రైమరీ తరగతులకి బి.ఇడి. అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. చిన్నపిల్లలకి చెప్పాలనుంటే డి.ఇడి. దారి వేరే ఉంది. ఆరో తరగతి మొదలు ఎనిమిది దాకా చెప్పాలంటే బి.ఇడి.తోపాటు టెట్ కూడా పాసవ్వాలి. ఇవేవీ తెలుసుకోకుండా "ఏదో ఒకటి" అని చేరిపోయి తర్వాత తల పట్టుకున్నవాళ్ళని చూశాను.

కానీ ఆ వాదనకి నా జవాబు ఒకటే. పరీక్ష ఉద్యోగం ఇప్పిస్తుంది, పాఠం చెప్పించదు. ఉద్యోగం వచ్చిన మొదటి రోజు నుంచి రిటైరయ్యేదాకా రోజుకి ఐదారు పీరియడ్లు, ఎదురుగా పిల్లలు. ఆ పిల్లల్లో చాలామంది ఇంట్లో చెప్పేవాళ్ళు లేనివాళ్ళు. మన తప్పుని దిద్దుకోవడానికి ట్యూషను కూడా పెట్టించుకోలేనివాళ్ళు. ఇక గవర్నమెంటు ఉద్యోగం రాకపోతే? ఎక్కువమందికి రాదు కూడా. అప్పుడు ప్రైవేటు స్కూల్లో డెమో ఇవ్వాల్సిందే. అక్కడ కోచింగ్ మెటీరియల్ అక్కరకి రాదు. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యే అక్కరకొస్తుంది.

తప్పంతా అమ్మాయిలదేనా?

కాదు. నాన్ అటెండింగ్‌లో చేరేవాళ్ళంతా బద్ధకస్తులని నేననను. కాలేజీ నలభై కిలోమీటర్ల దూరం, బస్సు లేదు. హాస్టలు ఖర్చు భరించలేరు. చంకలో బిడ్డ ఉంటుంది. ఇంట్లో ఆమె జీతం మీద ఆధారపడినవాళ్ళుంటారు. పగలు ఒక చోట పని చేస్తూ పేరుకి ఇక్కడ చేరినవాళ్ళున్నారు. ఇవన్నీ నిజమైన కష్టాలే. నాకు మా అమ్మ లేకపోతే నేనూ ఏ దారి వెతుక్కునేదాన్నో!

అందుకే నేను అడిగేది అమ్మాయిల్ని మాత్రమే కాదు. కొడుకు ఇంజనీరింగుకి హైదరాబాదో విజయవాడో వెళ్ళి నాలుగేళ్ళుంటే ఇంట్లో ఎవరూ కిమ్మనరు. కోడలు రెండేళ్ళు కాలేజీకి వెళ్ళొస్తానంటే "వంటెవరు చేస్తారు?" అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకే చాలామంది అమ్మాయిలు ఆ అడ్డదారికి ఒప్పుకుంటున్నారు. ఆ ఇంటర్న్‌షిప్ పదహారు వారాలైనా బిడ్డని చూసుకునే అత్తగారు, పొద్దున్నే టిఫిను డబ్బా సర్దిపెట్టే భర్త ఉంటే, ఆ అమ్మాయికి అంతకు మించిన సారె అక్కర్లేదు.

ఇక ప్రభుత్వాలు. నిబంధనలు రాయడంతో పని అయిపోదు. ఆ కాలేజీల్లో ఇవాళ ఎంతమంది పిల్లలు కూర్చున్నారో చెప్పకుండా వెళ్ళి చూడాలి. ఇంటర్న్‌షిప్ సంతకం పెట్టే బడి హెడ్మాస్టరు కూడా జవాబుదారీ కావాలి. ఇంటర్ తర్వాత నాలుగేళ్ళ బి.ఇడి. 2023-24లో కొన్ని సంస్థల్లో మొదలైంది. పి.జి. చేసినవాళ్ళకి ఏడాది కోర్సు ఉండొచ్చని 2020 విద్యావిధానంలోనే ఉంది. ఏడాదైనా, రెండేళ్ళైనా, నాలుగేళ్ళైనా, బడిలో గడపాల్సిన రోజులు బడిలో గడవకపోతే అన్నీ ఒకటే.

చేరేముందు ఒక్కసారి...

ఎడ్‌సెట్ రాసి కాలేజీ ఎంచుకోబోయే అమ్మాయిలూ, వాళ్ళ అమ్మలూ! ఫీజు ఎంత అని అడిగేముందు ఈ నాలుగు సంగతులు అడగండి.

ఆ కాలేజీకి ఎన్.సి.టి.ఇ. గుర్తింపు ఉందా? ఏడాదికి నూరుమంది చేరే కాలేజీకి 2014 నిబంధనల ప్రకారం 16 మంది పూర్తికాలపు అధ్యాపకులుండాలి. బోర్డు మీద పేర్లు కాదు, మనుషులున్నారా? ఇంటర్న్‌షిప్‌కి ఏ బడులకి పంపుతారు? మీ పాఠం చూడటానికి వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు? ఒక మామూలు మంగళవారం నాడు, పదకొండు గంటలప్పుడు, చెప్పకుండా వెళ్ళి చూడండి. క్లాసుల్లో విద్యార్థులుంటే అది కాలేజీ. లేకపోతే అది కేవలం ఆఫీసు.

"రానక్కర్లేదు, అన్నీ మేమే చూసుకుంటాం" అని కాలేజీవాళ్ళే ముందుగా చెబితే, అది సదుపాయం అనుకోకండి. "మీకేమీ నేర్పం" అని వాళ్ళు మర్యాదగా చెప్తున్నారన్నమాట!

ఇప్పటికే అలా చేసేసినవాళ్ళు ఉన్నారు. ఈ కాగితం చదువుతూ తల దించుకోకండి. డెమోలో చాక్‌పీసు విరిగిన అమ్మాయికి ఆ రోజు ఉద్యోగం రాలేదు. నేనే మా ఇంటి అడ్రసు రాసిచ్చాను. మా వీధి పిల్లలు నలుగురైదుగురు సాయంత్రాలు మా వరండాలో లెక్కలు చేసుకుంటుంటారు. వారానికి మూడు రోజులు వచ్చి వాళ్ళకి చెప్పమన్నాను. నేను వెనక పడక్కుర్చీలో కూర్చుని వింటాను. పిల్లలు వెళ్ళాక ఇద్దరం కాఫీ తాగుతూ ఎక్కడ ఏం జరిగిందో మాట్లాడుకుంటాం. ఎర్ర సిరా బదులు కాఫీ అన్నమాట!

మొదటి వారం బోర్డుకే చెప్పింది. రెండో వారం సగం సగం. నెల తిరిగేసరికి అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. "ఎందుకక్కా, కింద అంకెలు కలిపితే తప్పేంటి?" ఈసారి ఆ అమ్మాయి రూలు అనలేదు. ఒక పాత క్యాలెండరు కాగితం నిలువుగా చింపి రెండు పట్టీలు చేసింది. ఒకదాన్ని రెండుగా, ఇంకోదాన్ని మూడుగా మడిచి ఆ పిల్లాడి చేతిలో పెట్టింది. "ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడు. నువ్వే చెప్పు, మొత్తం సగం కంటే తక్కువైందా?" అని నోరు మూసుకుని ఆగింది. ఆ ఆగడమే కష్టం! కొత్త టీచర్లెవరికీ చేతకాని పని అది. పిల్లాడు కాగితాలు అటూ ఇటూ తిప్పుతున్నంతసేపూ ఆగింది. నా దోసె కాదు, తన కాగితం. నాకు కడుపు నిండిపోయింది.

వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అంది. "ఈ నెల రోజులూ నాకు ఆ రెండేళ్ళలో జరగాల్సింది కదూ మేడం?"

అవునమ్మా అన్నాను. ఇంకేమనగలను? తను మళ్ళీ డెమోలకి వెళుతోంది. ఉద్యోగం వస్తుందో రాదో నేను చెప్పలేను. కానీ ఇప్పుడు పిల్లలెవరైనా "ఎందుకు టీచర్?" అంటే భయపడదు.

బస్సులో కనిపించిన ఆవిడ మళ్ళీ ఎప్పుడైనా తారసపడితే ఈసారి ఊరుకోను. పక్కన కూర్చుని చెబుతాను. అమ్మాయిని బి.ఇడి.లో పడేయకండి, వదినగారూ. ఇష్టం లేకపోతే మాన్పించండి, తప్పేం లేదు. ఇష్టముంటే మాత్రం రోజూ కాలేజీకి పంపండి. రేపు మీ మనవడు "ఎందుకు టీచర్?" అని లేచి నిలబడేది అలాంటి అమ్మాయి ముందే!